పునాది పూడ్చక ముందే

ఉర్దూలో ‘బునియాద్’ అన్నా, తెలుగులో ‘పునాది’ అన్నా చెవికి ఇంచుమించు ఒకే మాటగా వినిపిస్తుంది. ఇంటికి ఆధారం అదే. కట్టడం పూర్తయిన పిమ్మట కంటికి కనిపించనిదీ అదే. ఈ చిన్న సత్యాన్ని మన గృహనిర్మాణ చట్టాలు ఎంతవరకు గుర్తించాయో విద్యార్థి మిత్రులు ఆలోచించవలసి ఉన్నది.

తెలంగాణ ప్రభుత్వం 2020లో టి.ఎస్. బి-పాస్ చట్టాన్ని తెచ్చింది. 75 చదరపు గజాల వరకు స్థలంలో నేల అంతస్తు గాని, దానిపై మరొక అంతస్తు గాని కట్టుకొనేవారికి అనుమతి అక్కరలేదనీ, ఒక్క రూపాయి రుసుముతో నమోదు చాలుననీ అన్నది. 500 చదరపు మీటర్ల స్థలం వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు గల నివాస గృహాలకు యజమాని స్వీయ ధ్రువీకరణపైనే తక్షణ అనుమతి నిచ్చింది. అధికారుల పరిశీలన ఆ తరువాత 21 రోజులలో జరగాలన్నది. ఫైళ్ల వెంట తిరిగి చెప్పులు అరగదీసుకున్నవారెవరూ ఈ సంస్కరణను తప్పుపట్టరు. నేనూ తప్పుపట్టను.

అయితే ఆ 21 రోజుల లెక్క కాగితం పుట్టిన నాటినుండి మొదలవుతుంది గాని, గునపం పడిన నాటినుండి కాదు. స్థలం ఎవరిది, అది చెరువు భూమియా, దారి వెడల్పు ఎంత అన్న ప్రశ్నలకు ఆ గడువు చాలును. కాని ఇరవై ఒకటవ నాటికి ఒకచోట గొయ్యియైనా తవ్వి ఉండరు. మరొకచోట పునాది పోసి మట్టి కప్పివేసి ఉంటారు. ఈ రెండు సందర్భాలలోను తనిఖీకి వచ్చినవారు చూడగలిగేది ఏమున్నది?

మన దేశపు కాంక్రీటు నియమావళి ఐ.ఎస్. 456 (2000) పునాదిలోని ఇనుప చువ్వల చుట్టూ కనీసం 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర ఉండాలంటుంది. కాంక్రీటు పోయక ముందు దానిని కొలబద్దతో ఒక్క నిమిషంలో కొలవవచ్చు. పోసిన తరువాత తేలికగా తేల్చగలవారు లేరు. స్లాబులోని చువ్వల సంగతీ అంతే.

2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో నిర్మాణంలో ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది మరణించారు. కూలిన తరువాత జరిగే విచారణ ఎంత నిశితమైనదైనా పోయిన ప్రాణాలను తిరిగి తేలేదు.

తనిఖీ అనగానే లంచమూ జాప్యమూ గుర్తుకు వస్తాయి. ఆ భయం అకారణం కాదు. అందుచేత తనిఖీల సంఖ్యను పెంచుమనడం నా అభిమతం కాదు. వాటి సమయాన్ని మార్చుమనడమే. ఇంగ్లండులో 2000 సంవత్సరపు భవన నిబంధనలు పునాది గోతిని గాని, పునాదిని గాని కప్పివేయడానికి కనీసం ఒక రోజు ముందు స్థానిక సంస్థకు తెలుపాలని నిర్దేశించాయి. అటువంటి పద్ధతిని మన చిన్న ఇళ్లకూ అనువదించుకోవచ్చు. పునాది కప్పక ముందు ఒకసారి, స్లాబు పోయక ముందు ఒకసారి యజమాని కబురు చేయాలి. మరునాటిలోగా ఇంజనీరు రావాలి. రాకపోతే ఛాయాచిత్రాలు తీసి దాఖలు చేసి పని సాగించుకొనే హక్కు యజమానికి ఉండాలి. రానివారి గైర్హాజరు కూడ దస్త్రంలో నమోదు కావాలి. అప్పుడు పేదవాని పనీ ఆగదు, అధికారి బాధ్యతా తప్పదు.

75 గజాల ఇంటికి అనుమతి అక్కరలేదన్నది దయే. కాని ఆ ఇంటి పైకప్పు క్రింద నిద్రించే పిల్లల ప్రాణాలు పెద్ద భవనాలలోని వారి ప్రాణాలకంటె తక్కువవి కావు. మనలో అనేకుల ఇళ్లు అట్టి బస్తీలలోనివే. జీవితకాలపు పొదుపునూ, తల్లి నగలనూ ఇటుకలుగా మార్చుకున్నవారు మన తల్లిదండ్రులే. మేస్త్రీ మాటయే వారికి శాసనం.

చట్టం మారేవరకు మనం చేతులు కట్టుకొని కూర్చోనక్కరలేదు. కాంక్రీటు పోయక ముందు చూడవలసినవేమిటో తెలుగులోను ఉర్దూలోను ఒక చిన్న కరపత్రంగా ముద్రించి, జాతీయ సేవా పథకం విద్యార్థుల ద్వారా ఇంటింటికి చేర్చవలసిందిగా కళాశాల పాలకవర్గాన్ని సవినయంగా కోరుతున్నాను. మట్టి కప్పక ముందు వేసిన ఒక్క ప్రశ్న, కప్పిన తరువాత వేసే నూరు ప్రశ్నలకంటె విలువైనది.