తిన్న విషం ఏమైనట్టు?

మందు ఎంత కొట్టినా దిగులు లేదట. నేలలోని సూక్ష్మజీవులే దాన్ని తినేస్తాయట. చాలకపోతే ఒక డబ్బా బ్యాక్టీరియా తెచ్చి నీళ్లతో పారిస్తే సరిపోతుందట. పాలమూరు, నల్లగొండ చెల్కల్లో రైతుకు చెప్తున్న ఈ ఊరట మాటను నేను ఒప్పుకోను.

బ్యాక్టీరియా విషాన్ని విడగొట్టడం కట్టుకథేం కాదు. మక్కజొన్నలో గడ్డికి కొట్టే అట్రజిన్‌నే చూడండి. హార్మోన్లను చెదరగొడుతుందని ఏళ్లుగా వాదం నడుస్తున్న మందు ఇది. 2020 మేలో కేంద్రం నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చిన 27 మందుల్లో ఇదీ ఉంది. దీన్ని తిని బతికే సూడోమోనాస్ బ్యాక్టీరియా ఒకటి 1990లలో అమెరికాలో దొరికింది. దాని ఎంజైము అట్రజిన్‌లోని క్లోరిన్‌ను ఊడగొడితే, మిగిలినదానికి గడ్డిని చంపే శక్తి ఉండదు. గొప్ప సంగతే. అయితే ఆ జీవి అట్రజిన్‌ను తినేది నత్రజని కోసం. పక్కనే తేలికగా అందే నత్రజని ఉంటే చాలాసార్లు దాని పని మందగిస్తుంది. యూరియా చల్లని మక్క చేను మన దగ్గర ఎక్కడుందో చూపించమనండి.

అసలు గొడవ 'విడగొట్టడం' తర్వాత మొదలవుతుంది. 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపేదాకా పత్తికీ కందికీ ఎండోసల్ఫాన్ కొట్టారు. నేలలోని కొన్ని జీవులు దాన్ని డయోల్‌గా మారుస్తాయి. అప్పుడు విషం తగ్గుతుంది. మరికొన్ని ఆక్సిజన్ చేర్చి ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుస్తాయి. అది అసలు మందుకు ఏమాత్రం తీసిపోని విషం, పైగా నేలలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. కానీ మందు ఒక్కదాన్నే కొలిచే పరీక్షలో ఈ రెండూ 'తగ్గింది' అనే వస్తాయి! డీడీటీదీ ఇదే కథ. అది విరిగి డీడీఈ అవుతుంది. ఆ డీడీఈ మగ హార్మోన్‌కు అడ్డుపడుతుందని 1995లోనే తేలింది.

మూసీ దగ్గరికి వస్తే ఈ నమ్మకం పూర్తిగా తలకిందులవుతుంది. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ పోచంపల్లి, వలిగొండ మీదుగా వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే నది అది. దారి పొడవునా ఆ నీళ్లతోనే వరి పండుతుంది. కొన్ని డిటర్జెంట్లలో, బట్టల పరిశ్రమల్లో వాడే నోనైల్‌ఫినాల్ ఎథాక్సిలేట్లు మురుగులో కలిస్తే, బ్యాక్టీరియా వాటి తోకలను కొరికి చివరికి నోనైల్‌ఫినాల్‌ను మిగులుస్తుంది. ఆడ హార్మోన్‌లా పనిచేసే గుణం అసలు పదార్థం కంటే దీనికే ఎక్కువ. అంటే ఇక్కడ హార్మోన్ విషాన్ని తయారుచేస్తున్నది మనం నమ్ముకున్న బ్యాక్టీరియానే. గాలి తగలని బురదలో చేరితే ఆ విషం తొందరగా పోదు కూడా. యూరోపియన్ యూనియన్ బ్యాక్టీరియా కోసం ఎదురుచూడలేదు, 2003లో ఆ పదార్థం వాడకాన్నే కట్టడి చేసింది.

ఇక డబ్బా సంగతి. ప్రయోగశాలలో తడి, వెచ్చదనం అమర్చి, ఆ ఒక్క రసాయనం తప్ప వేరే తిండి పెట్టకుండా పెంచిన జీవిని తెచ్చి, సేంద్రియ కర్బనం అడుగంటిన ఎర్ర చెల్కలో ఎండాకాలం వదిలితే ఏం బతుకుతుంది? స్థానిక జీవులతో పోటీపడలేక చాలామటుకు చస్తుంది. నిజానికి పనిచేయగల జీవులు మన నేలలోనే ఉంటాయి. వాటికి కావలసింది పశువుల ఎరువు, తడి, చెరువు మట్టి. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద పూడిక మట్టి పొలాలకు తోలారు, మంచి పనే. మూసీ కాలువల కింది చెరువుల మట్టిని మాత్రం పరీక్షించకుండా తోలవద్దు.

నేను పరిశోధనకు వ్యతిరేకిని కాను. పాలెం, కంపాసాగర్ పరిశోధన కేంద్రాల పొలాల్లో, మన చెల్కల్లో, మన ఎండల్లో ఈ జీవులను పరీక్షించాలి. మందు ఎంత తగ్గిందో ఒక్కటే కాదు, అది దేనిగా మారిందో కూడా కొలిచి చెప్పాలి. డిటర్జెంట్ విషాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆపాలి, వలిగొండ మడిలో కాదు. రైతన్నా, ఆ లెక్క చూపించనిదే ఏ డబ్బాకూ డబ్బు కట్టకు.