తూకమునకు అమ్మిన విషము

మన పల్లెలలో పెంటకుప్పకు గౌరవము కలదు. పశువుల పేడయు, పొయ్యిలోని బూడిదయు, రాలిన ఆకులును అందు మ్రగ్గి, తొలకరికి ముందు చేనికి చేరి, పంటయై తిరిగి యింటికి వచ్చును. వ్యర్థమును వ్యర్థము కానీయని ఈ విద్య మనకు క్రొత్త కాదు. కనుకనే ‘పునర్వినియోగము’ అను మాట విన్నంతనే మేలు జరిగినదని తలచుట మనకు సహజము. కాని మన్ను జీర్ణించుకొనగల వస్తువులకే ఆ నీతి చెల్లును. సీసమును, పాదరసమును మన్ను జీర్ణించుకొనలేదు. వానిని పేడవలె చూచినచో పంటకు బదులు రోగము తిరిగి వచ్చును.

హైదరాబాదు తూర్పు భాగమున ఉప్పల్, నాచారం, మల్లాపూర్ పారిశ్రామిక వాడలు కలవు. ఇట్టి ఏ వాడలోనైనను యంత్రములనుండి తీసిన మడ్డి నూనె, రసాయనములు వచ్చిన ఖాళీ డ్రమ్ములు, ఆయువు తీరిన బ్యాటరీలు, మాడిన ట్యూబులైట్లు మిగులుచునే యుండును. చిన్న కర్మశాలలలో వీని గతి యేమి? తరచుగ పాతసామాను వర్తకుడు వచ్చును, తూకము వేయును, రొక్కమిచ్చును. చెత్తయు పోయినది, నాలుగు డబ్బులును వచ్చినవి, పైగా పునర్వినియోగమును జరిగినదని యజమాని తృప్తి పడును. ఈ తృప్తియే ప్రమాదకరమని నా అభిప్రాయము.

బ్యాటరీ సంగతియే చూడుడు. అందలి సీసమును కరగించి మరల మరల వాడుకొనవచ్చును. కాని పొగను వడగట్టు సాధనములున్న కర్మాగారమున కరగించుట వేరు. ఆమ్లమును కాలువలో పారబోసి పెరటి కొలిమిలో కరగించుట వేరు. రెండవదానిలో లాభ మెవరిదైనను, నష్టము ఆ ప్రక్క ఆడుకొను బిడ్డలది. సీసము పసివారి మెదడునకు చెరుపు చేయును. దానికి హానిలేని మోతాదు అనునది తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇదే నగరమున కాటేదాను పారిశ్రామిక వాడ నేలలో సీసము, క్రోమియము మొదలగు లోహములు మితిమీరి యున్నట్లు, ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. అమ్మినవాడు మరచినను నేల మరువదు.

2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమావళి ఈ విషయమున స్పష్టముగ నున్నది. ఇట్టి వ్యర్థమును సాధారణముగ 90 దినములకు మించి నిలువ యుంచరాదు. అనుమతి గల పునర్వినియోగ సంస్థకు గాని, దుండిగల్‌లోనున్నటువంటి శుద్ధి కేంద్రమునకు గాని పంపవలెను. వెంట 7 ప్రతుల రవాణా పత్రము నడువవలెను. అందులో నీలిరంగు ప్రతిని, సరకు అందుకొన్నవారు పంపినవారికి తిరిగి పంపవలెను. ఆ నీలి ప్రతి చేతికి వచ్చువరకు ఆ విషము ఎవరిది? దానిని పుట్టించినవారిదే. వర్తకు డిచ్చిన రొక్కము ఎంతైనను ఆ ప్రతికి బదులు కాజాలదు.

చిన్న కర్మశాలలవారి మాటయు వినవలసినదే. నెలకొక డబ్బా నూనె మిగులువాడు దానికై లారీ నెట్లు పిలిపించును? వర్తకుడు ఎదురు డబ్బిచ్చుచుండగా, తానే డబ్బిచ్చి పంపుటకు ఎవరికి మనసొప్పును? ఈ చిక్కు నిజమైనది. జరిమానా యొక్కటే దానికి మందు కాదు. వాడ కంతకు ఉమ్మడిగా ఒక సేకరణ స్థలమును, నియమిత దినమున ఒక వాహనమును ఏర్పడవలెను. పాతసామాను పనివానిని దోషిగా చూడరాదు. ఆ విషమును మొదట పీల్చువాడు అతడే. పునర్వినియోగపు పనివారిని నమోదు చేసి, శిక్షణ నిచ్చి, ఏటేట వారి ఆరోగ్య భద్రతను పరిశీలించు భారమును ఆ నియమావళియే రాష్ట్ర కార్మిక శాఖపై నుంచినది. ఆ పనికి పారిశ్రామిక వాడలలో చోటు చూపు భారమును పరిశ్రమల శాఖపై నుంచినది. నాచారము అడుగవలసినది ఈ రెంటినే.

ఇది కర్మాగారముల గొడవ, బడికేమి పట్టినదని ఉపాధ్యాయులు తలపరాదు. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయమువారు తమ ప్రయోగశాలలో వాడుక తప్పిన యంత్ర మొకటి పాత ఇనుముగా వేలము వేసిరి. అందు కోబాల్టు-60 అను రేడియోధార్మిక పదార్థ ముండెను. మాయాపురి పాతసామాను బజారులో దానిని విప్పినవారు జబ్బుపడిరి, ఒకరు మరణించిరి. చదువులేమి వలన కాదు, చదువుల నిలయమునుండియే ఆ కీడు బయలుదేరినది.

మన పాఠశాలల అలమరలలో చీటీ యూడిన రసాయనపు సీసాలు, మూలలందు పాడైన కంప్యూటర్లు ఉండకపోవు. ఈ సెలవులకు ముందే వాని జాబితా వ్రాయుడు. పాతసామాను బండి నాపుటకు ముందు, నమోదైన సంస్థ ఏదో కాలుష్య నియంత్రణ మండలిని అడిగి తెలిసికొనుడు. విద్యార్థులారా! మీ తండ్రిగారు, అన్నగారు పనిచేయు చోట ఖాళీ డ్రమ్ము ఎక్కడికి పోవుచున్నదో అడుగుడు. అది నీళ్ళ తొట్టిగా మీ యింటికే వచ్చియుండిన, ఆ నీరు నేడే మానుడు.