మొదటి గడిలో నచ్చిన బడే ఉండాలి

అమెరికా పెద్ద నగరాల్లో ప్రభుత్వ బడిలో సీటు చాలాచోట్ల ఇంటి చిరునామాతోనే తేలిపోదు. తల్లిదండ్రులు తమకు కావలసిన బడులను వరుసగా రాసి ఇవ్వాలి. సీట్లకన్నా పిల్లలు ఎక్కువైతే లాటరీ తీస్తారు. ఆ ఫారం ముందు కూర్చున్న ప్రతి ఇంట్లో ఒకటే మథనం: నచ్చిన బడిని పైన రాయాలా, దొరికే బడిని పైన రాయాలా?

జవాబు ఆ నగరం సీట్లు పంచే పద్ధతిని బట్టి ఉంటుంది. బోస్టన్ ఈ విషయాన్ని కష్టపడి నేర్చుకుంది.

అక్కడి పాత పద్ధతిలో ప్రతి బడీ తనను మొదటి ఎంపికగా రాసినవాళ్ళకే ముందు సీట్లిచ్చేది. మిగిలితేనే రెండో ఎంపికగా రాసినవాళ్ళ వంతు. ఇచ్చిన సీటు ఇచ్చినట్టే. పోటీ ఎక్కువున్న బడిని పైన రాసి లాటరీలో ఓడిన పాపకు రెండో బడి కూడా చేజారేది, ఎందుకంటే దాన్ని మొదట రాసినవాళ్ళతో అది అప్పటికే నిండిపోయేది. ఈ కిటుకు తెలిసిన కొందరు వెస్ట్ జోన్ పేరెంట్స్ గ్రూప్‌గా ఏర్పడి, ఏ బడికి ఎంత గిరాకీ ఉందో చర్చించుకుని ఫారాలు నింపేవారు. మొదటి ఎంపిక దక్కాలంటే పోటీ తక్కువున్న బడులను చూసుకోమని అధికారిక కరదీపికే సలహా ఇచ్చేది! అలాంటి సమావేశాలకు వెళ్ళే తీరిక లేని తల్లి మాత్రం మనసులో ఉన్నది ఉన్నట్టు రాసి నష్టపోయేది. నిజం రాసిన పాపానికి పిల్లను శిక్షించే పద్ధతి ప్రభుత్వ బడికి తగదు. అబ్దుల్‌కదిరోగ్లు, సోన్మెజ్ అనే ఆర్థికవేత్తలు 2003లో ఈ లోపాన్ని ఎత్తిచూపారు. 2005 జూలైలో బోస్టన్ స్కూల్ కమిటీ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది.

దాని స్థానంలోకి వచ్చిన పద్ధతికి మూలం 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ రాసిన వ్యాసం. ఇందులో చివరిదాకా ప్రతి సీటూ తాత్కాలికమే. ఒక పాప మొదటి ఎంపికలో ఓడి రెండో బడికి వచ్చిందనుకుందాం. ఆ బడిని మొదటి ఎంపికగా రాసిన బాబు అక్కడ ముందే కూర్చుని ఉన్నాడు. అయినా పాప అక్కో అన్నో అక్కడ చదువుతున్నందువల్ల గానీ, లాటరీ నంబరు మెరుగైనందువల్ల గానీ ఆమెకు ప్రాధాన్యం ఎక్కువుంటే సీటు ఆమెదే. బాబు తన తర్వాతి ఎంపికకు కదులుతాడు. ఇలా కదలాల్సినవాళ్ళంతా కదిలాకే సీట్లు ఖరారవుతాయి. కాబట్టి పైన పోటీ బడిని రాసినందుకు కింది బడిలో అవకాశం పిసరంతైనా తగ్గదు. భయపడి దొరికే బడిని పైన రాస్తేనే ప్రమాదం. అది దక్కగానే, దాని కింద రాసిన అసలు నచ్చిన బడిని ఇక ఎవరూ చూడరు.

న్యూయార్క్ హైస్కూళ్ళు 2003లోనే ఇటు మళ్ళాయి. అంతకుముందు ఏటా సుమారు 30,000 మంది పిల్లలు తాము రాయని బడిలో తేలేవారు. కొత్త పద్ధతి తొలి ఏడాదే ఆ సంఖ్య దాదాపు 3,000కు పడిపోయింది. దాని రూపకల్పనలో పాలుపంచుకున్న ఆల్విన్ రాత్‌కు 2012లో షాప్లీతో కలిపి నోబెల్ వచ్చింది. అమెరికాలో డాక్టర్లకు రెసిడెన్సీ శిక్షణ సీట్లు ఇదే తీరున పంచే ‘మ్యాచ్’ ఫలితాలకు ఎదురుచూసిన మన తెలుగు డాక్టర్లకు ఈ లెక్క కొత్తది కాదు. ఇక్కడ ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లలోనూ ర్యాంకు ప్రకారం మన వంతు వచ్చినప్పుడు జాబితాను పైనుంచి కిందికే చూస్తారు. “మన ర్యాంకుకు అది రాదులే” అని నచ్చిన కాలేజీని కిందికి నెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. రాయగల పేర్లకు పరిమితి ఉన్నచోట అన్నీ గిరాకీ బడులే రాస్తే చేతికి ఏదీ రాకపోవచ్చు. నిజంగా పంపడానికి సిద్ధమైన, సీటు దొరికే వీలున్న బడులు అడుగున కొన్ని ఉండాలి. ఒక్క బడినే రాస్తే అధికారులు అదే ఇవ్వక తప్పదన్న నమ్మకం ఉత్త అపోహ. దానివల్ల పిల్లకు మిగతా దారులు మూసుకుపోతాయి.

ఎంత మంచి పద్ధతైనా ఉన్న సీట్లనే పంచుతుంది, మంచి బడులను పెంచదు. ఆ పని ప్రభుత్వాలదే. అప్పటిదాకా సీట్లు పంచే ప్రతి కార్యాలయమూ తన పద్ధతి ఏమిటో, నిజమైన వరుస రాస్తే నష్టం ఉందో లేదో తల్లిదండ్రుల భాషలో ఫారం మొదటి పేజీలోనే చెప్పాలి. చెప్పకపోతే, పేర్లు రాసేముందే వెళ్ళి అడగండి.