చలికి సర్దుకో, కులానికి కాదు

సెప్టెంబరు వచ్చిందంటే శంషాబాద్ విమానాశ్రయం ముందు పచ్చళ్ల డబ్బాలు, పెద్ద పెద్ద పెట్టెలు, కళ్లు తుడుచుకునే తల్లులు. ఆ తల్లుల్లో ఇవాళ మన మాలపల్లె, మాదిగగూడెం తల్లులు కూడా ఉన్నారు. నాట్లకు, కోతలకు పోయిన చేతులు బిడ్డల్ని పైదేశపు చదువుకు సాగనంపుతున్నాయి. ఇది చిన్న సంగతి కాదు.

పోయే బిడ్డకు అందరూ జాగ్రత్తలు చెప్తారు. చలికోటు కొనుక్కో, పప్పు వండటం నేర్చుకో, ఖర్చు చూసి పెట్టుకో అంటారు. ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పరు. కులం కూడా అదే విమానం ఎక్కుతుందని!

మా బడిలో చదివిన ఒక అమ్మాయి ఇంగ్లండుకు ఎమ్మెస్సీ చదవటానికి పోయింది. తెలుగు అమ్మాయిలతో కలిసి గది తీసుకుంది. మొదటి వారం అంతా బాగానే ఉంది. రెండో వారం ఇంటిపేరు అడిగారు. తర్వాత ‘ఊళ్లో మీ ఇల్లు ఎటువైపు?’ అన్నారు. ఆ తర్వాత ‘స్కాలర్‌షిప్పు మీద వచ్చావా?’ అన్నారు. అంతే. ఫ్రిజ్‌లో ఆమె అర వేరు, పొయ్యి మీద ఆమె గిన్నె వేరు అయ్యాయి. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మన ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి అక్కడి వంటింట్లో రెండు గిన్నెలైంది.

“సార్, ఇక్కడ మంచు పడుద్దని చెప్పారు గానీ, ఇట్టా ఉంటదని ఎవరూ చెప్పలా” అంది ఫోన్లో. ‘ఏడాదే గదమ్మా, సర్దుకుపో’ అనే మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. తరతరాలుగా మనకు చెప్తూ వచ్చింది ఆ మాటే గదా! ఆ అమ్మాయి సర్దుకుపోలేదు, ఇల్లు మారింది. ఇప్పుడు నైజీరియా అమ్మాయిలతో ఉంటోంది. వాళ్లు ఇంటిపేరు అడగలేదు. తిన్నావా అని అడిగారు.

1913లో బాబాసాహెబ్ కూడా ఇట్లాగే న్యూయార్కులో దిగారు. బరోడా మహారాజు ఇచ్చే నెలకు పదకొండున్నర పౌన్లే ఆధారం. మొదట హార్ట్‌లీ హాల్లో, తర్వాత కాస్మోపాలిటన్ క్లబ్బులో, ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్లో ఉన్నారు. అక్కడ గది పంచుకున్న నవల్ భతేనా అనే పార్సీ యువకుడు జీవితాంతం స్నేహితుడయ్యాడు. కొలంబియాలోనూ లండన్‌లోనూ ఉన్న ఆ కాలంలో తాను అంటరానివాణ్ణన్న స్పృహే చెరిగిపోయిందని ఆయనే రాసుకున్నారు. 1917లో బరోడాలో దిగగానే తల దాచుకోవటానికి గది దొరకలేదు. పార్సీ సత్రం నుంచి కూడా కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. ఆనాడు దేశం దాటితే కులం వెనకబడేది. ఈనాడు అది మనకంటే ముందే పోయి గది అద్దెకు తీసుకుని కూర్చుంది!

తెల్లవాళ్ల దేశాల్లో వివక్ష లేదని మేం అనటం లేదు. రంగు వివక్ష ఉంది. కానీ దాన్ని వివక్ష అని ఒప్పుకునే చట్టమూ ఉంది. కులం సంగతి వచ్చేసరికి అక్కడా తడబాటే. బ్రిటన్‌లో 2013లో పార్లమెంటు కులాన్ని సమానత్వ చట్టంలో చేర్చమంది. 2018లో ప్రభుత్వం చేర్చం పొమ్మంది. అమెరికాలో 2019లో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022లో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయాలు కుల వివక్షను నిషేధించాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టమే చేసింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నరు తిప్పికొట్టాడు. ఇవన్నీ ఊరికే రాలేదు. మనవాళ్లు నోరు తెరిచి చెప్పుకుంటే వచ్చాయి.

మరి మన ప్రభుత్వాలు ఏం చేస్తున్నాయి? కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు దేశం మొత్తానికి ఏడాదికి 125. 2025లో 106 మందిని ఎంపిక చేసి, తొలుత 40 మందికే ఉత్తర్వులిచ్చారు. మిగిలిన 66 మందికి నిధులుంటే చూస్తామన్నారు. చేతిలో సీటు పెట్టుకుని ఆ బిడ్డలు ఏ గుమ్మం ఎక్కాలి? బ్రిటన్ వీసాకు డబ్బు 28 రోజులు బ్యాంకులో కదలకుండా చూపించాలి. కుదువ పెట్టటానికి సెంటు భూమి లేని ఇంట్లో ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది? వడ్డీవ్యాపారి దగ్గర్నుంచే!

ఇంకో విడ్డూరం. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఈ స్కాలర్‌షిప్పు వర్తించదని 2022లో నిబంధన పెట్టారు. బాబాసాహెబ్ 1916లో కొలంబియాలో చదివిన వ్యాసం భారతదేశంలో కులాల పుట్టుక గురించే. ఈ నిబంధన ఆనాడుంటే ఆ పరిశోధనకు పైసా రాదు.

పోయే పిల్లలకు మా మాట: చలికి సర్దుకోండి. చప్పిడి తిండికి, కొత్త యాసకు సర్దుకోండి. లైబ్రరీలో రాత్రిదాకా కూర్చోవటం అలవాటు చేసుకోండి. కులానికి మాత్రం సర్దుకోకండి. అవమానం జరిగితే తేదీ వేసి రాసిపెట్టుకోండి, విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేయండి. పేరు దాచుకున్నవాళ్లను మేం తప్పుపట్టం. దాచుకునేట్టు చేసినవాళ్లదే తప్పు.

ముందే పోయి స్థిరపడిన అన్నలారా, అక్కలారా! కొత్తగా దిగిన మన బిడ్డకు మొదటి నెల మీ ఇంట్లో ఒక మూల చోటివ్వండి. మీరున్న ఊరి పేరు మా పత్రికకు రాసి పంపండి. వచ్చే సెప్టెంబరుకు ఏ పల్లె బిడ్డయినా అక్కడ దిగేసరికి తలుపు తట్టటానికి ఒక గుమ్మం ఉండాలి.

జై భీమ్!