అదే గుంతలో మూడో మొక్క

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, కోపంగా కూడా రాస్తున్నాను. నా తెలుగులో తప్పులుంటే దిద్దండి, సంతోషమే. పదకొండో క్లాసు దాకా నా చదువంతా తమిళంలో. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక గూడూరు, రేణిగుంట స్టేషన్ బోర్డులు కూడబలుక్కుని నేర్చుకున్నవి. కానీ ఇప్పుడు చెప్పబోయేది ఒక్క అక్షరం రాని మా అవ్వకు బాగా తెలిసిన సంగతి.

జూన్ 5న మన గ్రూపులో వచ్చిన ఫోటో అందరూ చూశారు. కల్యాణ మండపం వెనక జాగాలో అధ్యక్షులవారు వేప మొక్క పట్టుకుని నిలబడ్డారు. చుట్టూ పచ్చ టీషర్టుల్లో మన పిల్లలు. కింద వరసగా దండాలు, చప్పట్లు. ఆ ఫోటోను పెద్దది చేసి గుంతను చూడండి. పోయినేటి ఫోటో తీయండి, అంతకు ముందేటిది తీయండి. గోడ మీద అదే మరక, పక్కన అదే నీళ్ల తొట్టి, అదే గుంత. మొక్క మాత్రం కొత్తది. మూడు ఫోటోల్లోనూ వెనక వరసలో నేనూ నవ్వుతూ నిలబడి ఉన్నాను. కాబట్టి ఈ తిట్లలో నా వాటా నాకుంది.

వేప చెట్టండీ! మన కరిసల్ నేలలో ఎవరూ నాటకుండా కాకి వేసిన గింజకు మొలిచే చెట్టు. దాన్ని మనం వరసగా రెండుసార్లు చంపి, మూడోది చేతికి తీసుకున్నాము. జూన్ 5 కేరళకు మంచి రోజే, అక్కడ ఆ వారంలో వాన దిగుతుంది. ఆంధ్రాలో నాలుగు రోజులాగితే మృగశిర. మనకు పడమటి కొండలు అడ్డం. వాన కొండకు అవతలే కురిసిపోతుంది, ఇవతలికి గాలి ఒక్కటే వస్తుంది. కయత్తారు పక్కన అన్ని గాలిమరలు ఊరికే పెట్టారా? ఆని, ఆడి నెలల గాలికి దండెం మీద పంచె నిలవదు, నాలుగాకుల మొక్క నిలుస్తుందా? మన వాన ఐప్పసి, కార్తిక నెలల వాన. కోవిల్‌పట్టి చుట్టుపక్కల పుట్టిన ఏ అవ్వను అడిగినా చెబుతుంది. మనం అడగలేదు, క్యాలెండరు చూశాము.

ఇంకో ముచ్చట. అదే నెలలో గ్రూపు నిండా ఏరువాక పున్నమి శుభాకాంక్షలు. ఏరువాక గొప్ప పండగ, కాదనను. ఆ వాన మాత్రం మనది కాదు. మన ఊళ్లలో చిత్తిరై ఒకటో తేదీన పొన్నేరు కట్టేవాళ్లు. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు పూసి, ఊరి నాగళ్లన్నీ ఒక్క పొలంలో దింపి సాలు తిప్పేవాళ్లు. ఆ రోజున మన గ్రూపులో ఏమొచ్చింది? టీవీలో వేసే సినిమాల పట్టిక.

తైపొంగల్‌కు పెట్టిన బొమ్మల పోటీ సంగతి కూడా చెప్పాలి. జడ్జి నేనే. అంశం 'మా ఊరి రైతు'. దాదాపు ప్రతి బొమ్మలోనూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక ఏరు, నీళ్లు నిండిన వరిమడి, గట్టున కొబ్బరి చెట్టు. మన ఊళ్లలో ఏరు యాడుంది? వరిమడి యాడుంది? ఆ పిల్లల తాతలు పండించినది పత్తి, సజ్జ, జొన్న, పెసలు, మినుములు, ధనియాలు. అంతా మానావారి సేద్యం, ఆకాశం చూసుకుని చేసేది. ఒక్క బొమ్మలో పత్తి చెట్టు లేదు. పాఠంలో చెప్పిన రైతును గీశారు గాని ఇంట్లో ముక్కాలిపీట మీద కూర్చున్న రైతును గీయలేదు.

ఒక పాప శెనక్కాయలు చెట్టుకు గుత్తులుగా వేలాడుతున్నట్టు గీసింది. రంగులు బాగున్నాయని రెండో బహుమతి ఇచ్చాను. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పొంగిపోయిన వాళ్లం మనం! ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పి ఉండాల్సింది. పువ్వు పైనే పూస్తుందమ్మా, పసుప్పచ్చగా. తర్వాత ఆ పువ్వు అడుగు నుంచి ఒక ఊడ దిగి, నేలను వెతుక్కుంటూ వచ్చి లోపలికి గుచ్చుకుంటుంది. ఆ ఊడ కొసన, మట్టి లోపల, చీకట్లో కాయ కడుతుంది. ఏ కార్టూనులో ఉంది ఇంత వింత? చెప్పలేదు. కప్పు చేతికిచ్చి ఫోటో దిగాను.

అదే రోజు తిరుక్కురళ్ 104వ అధికారం, ఉళవు, పది కురళ్లూ గుక్క తిప్పకుండా ఒప్పచెప్పిన అబ్బాయికి మొదటి బహుమతి. నేనూ ఆ వయసులో ఒప్పచెప్పినవాడినే, ఇప్పటికీ పదీ నోటికొస్తాయి. మండపం బయట ఎవరో బండి మీద చొప్పకట్ట తీసుకుపోతుంటే చూపించి, "ఇది జొన్నా, సజ్జా నాయనా?" అని అడిగాను. "గడ్డి తాతా" అన్నాడు.

తెలియకపోతే ఏం మునిగిందయ్యా అంటారు. మునుగుతుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక ఏడు విత్తాక వాన వెనక్కి పోయింది. మోకాలెత్తు జొన్న పైరు వాడిపోయి ఉంది. ఆవు పలుపు తెంపుకుని అందులో పడింది. మా అవ్వ పొయ్యి మీద సంగటి అలాగే వదిలేసి, కట్టె పట్టుకుని పరుగెత్తింది. ఆవును అంతలా కొట్టడం నేనెప్పుడూ చూడలేదు, ఏడుపొచ్చింది. సజ్జలో పడితే తిట్టి తోలుకొచ్చేది. లేత జొన్న, అందులోనూ ఎండకు వాడిన జొన్న, పశువు మేస్తే ప్రాణం పోతుంది. దాంట్లో పుట్టేది హైడ్రోసైనిక్ ఆమ్లమని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చదివాను. అవ్వకు ఆ పేరు తెలియదు. ఏ పైరు, ఎంత ఎత్తులో, ఎలాంటి ఎండలో అనేది తెలుసు.

ఇక అసలు సంగతి. వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో నాలుగో అంశం, మండపం వెనక పది సెంట్లకు సిమెంటు దిమ్మెలు పరిచి కార్ల పార్కింగు చేయడం. ఐదో అంశం, పిల్లలకు ప్రకృతి అవగాహన కోసం హాల్లో పెద్ద స్క్రీను కొనడం. నాలుగో అంశంలో నేల మూసేసి ఐదో అంశంలో నేలను సినిమాగా చూపిస్తారన్నమాట. ఈ రెండూ ఒకే కాగితంలో, ఒకదాని కింద ఒకటి టైపు చేసినవారికి నవ్వు రాలేదా?

నేను నాలుగో అంశానికి అడ్డం. ఆ పది సెంట్లు పిల్లల పొలం కావాలి. కుండీలు, రోజాలు, గడ్డి పరిచిన తోట వద్దు, మానావారి పొలం కావాలి. పురట్టాసి ఆఖర్లో, వాన రాకముందే, పొడినేలలో రెండంగుళాల లోతున విత్తి కాచుకుని ఉండాలి. అంత లోతు ఎందుకంటే, చిన్న జల్లుకు మోసపోయి మొలవకుండా, నేల నిండా నానే వానకే మొలకెత్తాలని. మన కోవిల్‌పట్టిలో 1901 నుంచి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, పత్తికీ మానావారి సేద్యానికీ పేరున్నది. బెంగుళూరు తారామండలానికి బస్సు వేసిన మన సంఘం పిల్లలను అక్కడికి ఒక్కసారి నడిపించిందా?

పార్కింగు అంటారా. క్లర్కు బుద్ధి కదా, పంచాంగం పెట్టుకుని లెక్క వేశాను. పురట్టాసిలో మనకు పెళ్లిళ్లు లేవు. మార్గళిలో లేవు. పైరు నేల మీదుండే నాలుగు నెలల్లో ఇబ్బంది పడేది ఐప్పసి, కార్తిక, తై నెలల ముహూర్తాలకే. ఆ నాలుగు రోజులు కార్లు వీధిలో నిలిపితే ఏ పెళ్లీ ఆగదు. ఎలాగూ వానల్లో నల్లరేగడిలోకి కారు దించినవాడు తోయడానికి పదిమందిని పిలవాలి. మాసి నుంచి ఆవణి దాకా నేల బండలా ఉంటుంది, కార్లు పెట్టుకోండి. నేల గట్టిపడుతుంది, నిజమే. మళ్లీ దున్నాలి. పిల్లలు అదీ చూస్తారు.

నీట్ పరీక్ష, చదువు అని రెండో మాట. వారానికి ఒక గంట, అంతే అడుగుతున్నాను. దీని మీద ఇంకేం రాయను.

మూడో మాటే నన్ను నిద్రపోనివ్వలేదు. "మట్టిలోంచి బయటపడడానికి మూడు తరాలు పట్టింది, మళ్లీ పిల్లలను మట్టిలోకి తోస్తావా?" అని ఒక పెద్దాయన ఫోనులో అడిగారు. ఆయన తప్పు మాట్లాడలేదు. నేను పరీక్ష రాయడానికి మద్రాసు పోతే మా నాయన రెండు మూటల మిరపకాయలు అమ్మి టిక్కెట్టు కొనిచ్చాడు. "పో, మళ్లీ ఈ ఎండలోకి రావద్దు" అన్నాడు. పోయాను. ఇరవై ఏళ్లు పార్సిల్ ఆఫీసులో ఊరివాళ్ల మిరప మూటలు తూకం వేసి తుమ్మాను. రైతు మనవడు రైతే కావాలని నేను అననండి. కానీ ఆ పిల్లలు రేపు యాడ కూర్చుంటారు? బ్యాంకులో పంట రుణం ఇచ్చే కుర్చీలో, తాలూకా ఆఫీసులో, బీమా లెక్క తేల్చే కుర్చీలో. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో పంటకోత ప్రయోగంలో వచ్చిన దిగుబడిని బట్టి నష్టం కడతారు. మా పక్క పొలం మొక్కజొన్న కత్తెర పురుగుకు పోయిన ఏడు, చూడడానికి వచ్చిన కుర్రాడు గట్టు మీదే నిలబడి, "పచ్చగానే ఉంది కదా" అన్నాడు. చదువుకున్న పిల్లాడు, మర్యాదస్తుడు. పురుగు సుడి లోపల కూర్చుని తింటుందని, రోడ్డు మీంచి చూస్తే పైరు పచ్చగానే కనబడుతుందని ఆ పిల్లాడికి ఎవరూ చూపించలేదు. వాడు కూడా మట్టిలోంచి బయటపడిన ఇంటి పిల్లాడే.

నేర్పేదెవరు అనేది చివరి ప్రశ్న. నాకు భయమున్నదీ దీని దగ్గరే. మన సంఘంలో పొలం ఉన్నవాళ్లు చాలామంది. పదును చూడడం తెలిసినవాళ్లు? పిడికెడు మట్టి తీసి ఉండ చేసి, నడుం ఎత్తు నుంచి వదిలితే అది పొడిగా విడిపోవాలి. ముద్దలా చప్పున పడితే ఇంకా రెండు రోజులు ఆగాలి. ఇది నాకు మాటగా తెలుసు, చేతికి తెలియదు. మా పొలం కౌలుకు చేసే ఇంట్లో ఒక పెద్దామె ఉంది. యాభై ఏళ్లు కలుపు తీసిన చెయ్యి. రెండాకుల మీద ఉన్న సజ్జ మొలకనూ కలుపు గడ్డినీ పక్కపక్కన పెట్టి, మొదలు దగ్గర రంగు చూసి ఇది ఇది, అది అది అని నాకు చూపించింది. నాకు రెండూ ఒకటిగానే కనబడ్డాయి. మూడోసారి చూపించి నవ్వింది.

ఆమె రావాలి. ఆమె మన సంఘం మనిషి కాదు, మన కులం కాదు, ఆమె ఇంట్లో తెలుగు లేదు. "ఆమెను టీచరని కుర్చీ వేసి కూర్చోబెడతావా?" అని అడిగారు ఒకరు. వేస్తాను. వక్తలకు మనం వేసే శాలువా వేస్తాను, వాళ్లకు ఇచ్చే కవరే ఇస్తాను. మన పొలాల గురించి మనకన్నా ఆమెకు ఎక్కువ తెలియడానికి కారణం మనం గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడి ఆమెను వంచి పని చేయించడమే. ఈ వాక్యం చదివి గ్రూపులోంచి పోయేవాళ్లుంటే, పోయి మళ్లీ రండి.

తెలుగు సంఘంలో తమిళంలో పాఠమా అని అడిగినవారికి ఒక మాట. ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిది తెలుగు మాట్లాడే ఇల్లు. సేద్యం చేసిన మనిషి. తమిళంలో రాశారు, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందారు. కరిసల్ ఊళ్ల మాటలన్నీ ఏరి నిఘంటువు కట్టారు. ఆ మాటలు తమిళంలో అలా మిగిలాయి. మన ఇళ్లలోని తెలుగు మాటలు ఎవరు ఏరారు? గొర్రు, దంతె, గుంటక, కళ్లం, తూర్పారబట్టడం అంటే మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆ పెద్దామె నాయురువి అంటుంది, మన అవ్వలు ఎవరైనా పక్కనుండి ఉత్తరేణి అంటారు. ఆవారం, తంగేడు. ఎరుక్కు, జిల్లేడు. పిరండై, నల్లేరు. నెరుంజి, పల్లేరు. పిల్లలు రెండూ రాసుకుంటారు, ముల్లు గుచ్చుకుంటే రెండు భాషల్లోనూ తిడతారు. మన తెలుగు బతికిందే అలాగ, విజయనగరం రోజుల నుంచి. వేదిక మీద తెలుగుతల్లికి దండ వేసి, పిల్లలతో ఇంగ్లీషులో ఆకుల పేర్లు చెప్పించే తెలుగు కన్నా ఇది మేలు.

నాలుగో అంశం వచ్చినప్పుడు నేను లేచి మాట్లాడతాను. ఓటుకు పెట్టమంటాను. చేతులెత్తే ఓటు వద్దు, చీటీ కావాలి. నెగ్గితే మొదటి ఏడు ఆ అమ్మ కూలి నా పెన్షన్‌లోంచి ఇస్తాను, రెండో ఏడు నుంచి సంఘం ఇవ్వాలి. ఓడితే, ఆ వేప గుంత ఉన్న మూల ఒక్కటైనా దిమ్మెలు పరచకుండా వదలండి. ఐప్పసిలో మొదటి వాన పడిన మర్నాడు నేను ఒక మొక్క తెచ్చి పెడతాను.

పనిలో పనిగా ఒక విన్నపం. సజ్జ గింజలు, పెసలు నా దగ్గర ఉన్నాయి. పాతకాలం కరుంగన్ని పత్తి గింజ ఎవరింట్లోనైనా అటక మీద ఒక గుప్పెడు మిగిలి ఉంటే, ఈ నెలలోపు నాకు చెప్పండి. మొలుస్తాయో లేదో ముందే తడిగుడ్డలో కట్టి చూసుకోవాలి.