ఎవరూ చూడని ఒళ్లు

ఈమధ్య ఒక ప్రభుత్వాసుపత్రి ఓపీ వరండాలో ఓ పెద్దాయన తమ్ముడు పక్కవాళ్లతో అంటున్న మాట ఇది: “ముప్పై ఏళ్ల జబ్బండీ. ఇప్పుడు అన్నయ్య బాగా నెమ్మదించాడు. కుర్చీలో కూర్చోబెడితే సాయంత్రం దాకా లేవడు.” విన్నవాళ్లు అదృష్టమన్నట్టు తలలూపారు. ఆ అన్నయ్య పాదాలు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. లోపలికి పిలిచారు. రెండు నిమిషాల్లో చీటీ బయటికొచ్చింది: అవే మాత్రలు, మళ్లీ మూడు నెలలకు. బీపీ లేదు, బరువు లేదు. ఆ పాదాల వైపు ఒక్కరూ వంగి చూడలేదు.

స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి పెద్దవయసులో అరవకుండా, కదలకుండా ఉంటే వైద్యం ఫలించినట్టేనన్న నమ్మకం ఇళ్లలోనూ ఆసుపత్రుల్లోనూ పాతుకుపోయింది. ఇంతకంటే క్రూరమైన నిర్లక్ష్యం ఇంకోటి లేదు.

ఈ జబ్బున్నవాళ్లు మిగతావాళ్లకంటే సగటున 15 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారు. ఎక్కువమందిని బలిగొనేవి గుండెజబ్బు, షుగరు, ఊపిరితిత్తుల జబ్బుల్లాంటివే. ఈ జబ్బుకు వాడే ఒలాంజపిన్, క్లోజపిన్ ఆకలిని రేపి బరువు పెంచుతాయి, షుగరు తెచ్చిపెడతాయి. హాలోపెరిడాల్ లాంటి పాత మందులు కాళ్లూ చేతులూ బిగదీస్తాయి; ఏళ్లు గడిచాక నోరు, నాలుక వాటంతటవే ఆడుతుంటాయి. క్లోజపిన్ తెచ్చే మలబద్ధకం ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఇలాంటి కొత్త తరం మందులు వాడేవాళ్లకు బరువు, నడుం చుట్టుకొలత, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ క్రమం తప్పకుండా చూడాలని అమెరికాలోని డయాబెటిస్, సైకియాట్రీ సంఘాలు 2004లోనే చెప్పాయి. నడుం కొలవడానికి దర్జీ టేపు చాలు. ఆ టేపు ఎన్ని ఓపీ గదుల్లో ఉంది?

మందులు మానేయమని ఎవరూ అనడం లేదు. 2009లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫిన్లాండ్ అధ్యయనంలో, దీర్ఘకాలం మందులు వాడినవాళ్లలో మరణాలు అసలు వాడనివాళ్లలోకంటే తక్కువ. మందు రాసే డాక్టరు ఒళ్లు కూడా చూడాలి, అంతే.

బీడీల సంగతి మరీ ఘోరం. పేచీ పెట్టకుండా ఉంటాడని ఇంట్లోవాళ్లే కట్ట కొనిచ్చి అరుగు మీద కూర్చోబెడతారు. అడిగితే, “పాపం, వాడికున్న సుఖం అదొక్కటే” అంటారు. ఆ పొగ ఊపిరితిత్తులను తినేయడంతో ఆగదు, రక్తంలో క్లోజపిన్‌ను కూడా తగ్గిస్తుంది. ఆసుపత్రిలో చేరి బీడీ ఒక్కసారిగా ఆగిపోతే, అదే మాత్ర రక్తంలో ఎక్కువై మనిషిని మత్తులో ముంచుతుంది. ఈ ముక్క ఆ ఇళ్లకు ఎవరైనా చెప్పారా?

ఛాతీలో నొప్పి అని ఆ మనిషే నోరు తెరిచి చెప్పినా, “అలాగే అంటాడులే” అని కొట్టిపారేస్తారు. ముసలితనంలో అందరికీ నొప్పులేగా అనేవాళ్లకు జవాబు చిన్నదే: మిగతా ముసలివాళ్లకు ఈసీజీ తీస్తున్నారు.

మానసిక జబ్బున్నవాళ్లకు అన్ని రకాల వైద్యంలోనూ శారీరక జబ్బున్నవాళ్లతో సమాన హక్కు ఉందని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 21వ సెక్షన్‌లో రాసి ఉంది. ముందు ప్రతి మానసిక వైద్య ఓపీలో ఒక తూకం మెషిను, ఒక బీపీ మెషిను పెట్టాలి. ఇంట్లో రోజూ ఎవరో ఒకరు ఆ మనిషిని కుర్చీలోంచి లేపి, వీధి చివరిదాకా నడిపించాలి.

వచ్చే నెల అన్నయ్యనో అమ్మనో ఓపీకి తీసుకెళ్లేవాళ్లు చీటీ మీద బరువు, నడుం, బీపీ, షుగరు అంకెలు రాయించుకునేదాకా ఆ గదిలోంచి లేవకండి.