తొర్రూరు మోటార్లూ, మన ఎక్సెల్ షీట్లూ

"ఉచిత కరెంటిస్తే రైతులు బుద్ధి లేకుండా నీళ్ళు తోడేస్తున్నారు." ఈ మాట అననివాడు మన ఐటీ లంచ్ టేబుళ్ళ దగ్గర అరుదు. ఋజువు కూడా రెడీ: బోర్లు ఇంటూ హార్స్ పవర్ ఇంటూ గంటలు. "సగటు రైతు" అని ఒకణ్ణి తయారుచేసి, లక్షలతో గుణించి, వచ్చిన అంకెని తిట్టడమన్నమాట!

ఆ సగటు రైతు మా తొర్రూరు వైపు నాకెప్పుడూ కనపడలేదు.

ఆటో స్టార్టర్ సంగతే చూడండి. కరెంటు విడతలుగా, అర్ధరాత్రీ అపరాత్రీ వచ్చే రోజుల్లో పొలానికెళ్ళి బటన్ నొక్కాలంటే పాములూ, షాకులూ. అందుకే ఒకడు ఆటో స్టార్టర్ పెట్టాడు, పక్కవాడూ పెట్టాడు. అందరూ పెట్టాక కరెంటు రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. నేరుగా స్టార్టయ్యే ఇండక్షన్ మోటారు ఆ క్షణంలో ఐదారు రెట్లు కరెంటు లాగుతుందని మనమూ చదివాం, పరీక్ష రాసి మర్చిపోయాం. వోల్టేజీ పడిపోతుంది, మోటారో ట్రాన్స్‌ఫార్మరో కాలుతుంది. సగటు లోడు లెక్కలో ఇదెక్కడా కనపడదు.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో 24 గంటల ఉచిత కరెంటొచ్చింది. ఇప్పుడదే ఆటో స్టార్టర్ ఉంటే మోటారు రాత్రింబవళ్ళు తిరుగుతుంది. తీసెయ్యండి బాబూ అని ప్రభుత్వమే అడిగింది. నేనొక్కణ్ణే తీస్తే? ఆ గ్రానైటు పగుళ్ళలో నీళ్ళు పక్కవాడి బోరు లాగేసుకుంటుంది కదా! ఇందులో బుద్ధిలేనివాడు ఎవడండీ?

నెట్‌లోగో 1999 నుంచీ ఉచితమే. వంద మంది రైతుల్ని పెట్టండి. ఒకటే రూలు: నా పంట ఎండుతుంటే, పక్కబోరు పోస్తుంటే, ఇంకో వంద అడుగులు దించు. దురాశ సున్నా. రన్ చేసి చూడండి, బోర్లు వరసగా ఎండుతాయి. థామస్ షెల్లింగ్ 1971లోనే చూపించాడు, మనుషులు కాస్త మెతకగా ఉన్నా పేటలు మాత్రం నిలువునా చీలిపోవచ్చని.

"మోడల్ జోస్యం చెబుతుందా?" అంటారు. చెప్పదు. జోస్యానికి పంచాంగం ఉంది :-) మోడల్ ఉన్నది రూలు మార్చి చూడటానికి. 2000ల్లో ఎఫ్ఏఓ తోడ్పాటుతో నల్గొండ, మహబూబ్‌నగర్ సహా ఏడు కరువు జిల్లాల్లో ఏపీఫామ్‌గ్స్ ప్రాజెక్టు నడిచింది. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు, కలిసి కూర్చుని నీటి బడ్జెట్ వేసుకున్నారు. ఏ పంట వెయ్యాలో ఎవరూ శాసించలేదు. మారింది ఒక్కటే, ప్రతివాడికీ కింద ఎన్ని నీళ్ళున్నాయో తెలిసింది. మీ షీటులో దీనికి కాలమ్ ఎక్కడుందో కాస్త చూపించండి.